కుందేళ్ళకు గూడు, దొడ్డి: కొనుగోలుకు ముందు గమనించవలసిన విషయాలు

కృష్ణగిరి సమీపంలోని కుందారపల్లిలో ప్రతి శుక్రవారం సంత జరుగుతుంది. మేకలకు, గొర్రెలకు అది పేరు పొందిన సంత. తమిళం, తెలుగు, కన్నడం మూడు భాషలలోనూ అక్కడ బేరాలు సాగుతాయి. మేకను కొనడానికి వచ్చిన రైతు దాని పళ్ళు చూస్తాడు, నడక చూస్తాడు. దానిని ఏ చెట్టు నీడన కట్టాలో, రాత్రికి ఏ కొట్టంలో ఉంచాలో ఇంటి నుండి బయలుదేరే ముందే నిర్ణయించుకొని ఉంటాడు.

ఉద్యోగరీత్యా హోసూరు, శూలగిరి, కృష్ణగిరి ప్రాంతాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు పిల్లల ముచ్చట కోసం కుందేళ్ళను కొనేటప్పుడు ఈ వరుస తరచుగా తారుమారవుతుంది. ముందు కుందేలు ఇంటికి వస్తుంది. తరువాత దానికొక చిన్న ఇనుప పంజరం వస్తుంది. ఆ పంజరాన్ని ఎక్కడ ఉంచాలనే ప్రశ్న చివరకు మిగులుతుంది. చివరకు మిగిలిన చోటు సాధారణంగా మేడ మీదనో, పడమటి గోడ పక్కనో ఉంటుంది. వేసవిలో ఒక్క మధ్యాహ్నం చాలు, అటువంటి చోట కుందేలు ప్రాణం పోవడానికి. అందుచేత ఈ వ్యాసం చెప్పదలచినది ఒక్కటే: ముందు చోటు, తరువాత గూడు, ఆ తరువాతనే కుందేలు.

గూడు అంటే కుందేలు పడుకొనే, దాగుకొనే కప్పు గల పెట్టె. దొడ్డి అంటే దానికి ఆనుకొని, కుందేలు పరుగెత్తడానికి, గడ్డి మేయడానికి చుట్టూ వల కట్టిన ఆవరణ. ఈ రెండింటిలో ఏది లేకున్నా కుందేలు పెంపకం సక్రమంగా సాగదు.

ఎండ గురించి ముందుగా ఆలోచించండి

అంగడిలో దొరికే కొయ్య గూళ్ళలో చాలావరకు ఇంగ్లండు వంటి చలి దేశాల నమూనాను అనుసరించి చేసినవి. మూడు వైపులా మూసిన పలకలు, ముందు వైపు మాత్రమే వల, పైన నల్లని కప్పు. చలిగాలి లోపలికి రాకుండా ఉండడమే ఆ నిర్మాణం ఉద్దేశం. మన ప్రాంతంలో కుందేలుకు ప్రమాదం చలి వలన గాక వేడి వలన వస్తుంది. చలి దేశపు గూడును ఏప్రిల్ నెలలో ఎండలో ఉంచితే అది పొయ్యితో సమానం.

కుందేలుకు మనవలె చెమట పట్టదు. కుక్కవలె వగర్చి వేడిని చాలినంతగా వదిలించుకోనూ లేదు. దాని పొడవైన చెవులలోని రక్తనాళాల ద్వారానే చాలావరకు వేడి బయటకు పోతుంది. చుట్టూ ఉన్న గాలే వేడిగా ఉంటే ఆ దారి కూడా మూసుకుపోయినట్లే. 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ వరకు కుందేలుకు హాయిగా ఉంటుంది. 30 డిగ్రీలు దాటితే ప్రమాదం మొదలవుతుంది. హోసూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున అక్కడి వేసవి కొంత మెత్తగా ఉంటుంది. కృష్ణగిరి, కుందారపల్లి ప్రాంతం అంతకంటె బాగా దిగువన ఉంది. హోసూరులోని బంధువుల ఇంట బాగా ఉపయోగపడిన గూడు కృష్ణగిరిలోనూ అలాగే ఉపయోగపడుతుందని భావించరాదు.

చోటును పరీక్షించడానికి సులభమైన పద్ధతి ఒకటి ఉంది. గూడు పెట్టదలచిన చోట ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, 3 గంటలకు, సాయంత్రం 5 గంటలకు స్వయంగా నిలబడి చూడండి. మధ్యాహ్నం 12 నుండి 5 వరకు పూర్తిగా నీడ ఉన్న చోటే తగినది. ఇంటికి తూర్పు వైపున ఉన్న చోటులో ఉదయపు లేత ఎండ తగిలి మధ్యాహ్నానికి ఇంటి నీడ పడుతుంది. పడమటి గోడ పక్క చోటు ఎంత విశాలంగా ఉన్నా వదిలివేయండి. ఎండకు కాగిన ఆ గోడ పొద్దు గూకిన తరువాత కూడా వేడిని వదులుతూనే ఉంటుంది. మామిడి, వేప వంటి చెట్ల నీడ అన్నిటికంటె మేలు. చెట్టు లేని పెరడులో తోటలకు కట్టే ఆకుపచ్చని షేడ్ నెట్‌ను గూటికి రెండు మూడు అడుగుల ఎత్తున కట్టవచ్చు. నేరుగా గూటి కప్పు మీద పరిస్తే మధ్యన గాలి ఆడదు.

కొలతలు: పిల్లకు గాక పెద్దదానికి

సంతలో చేతిలో ఇమిడిపోయే కుందేలు పిల్లను చూచి గూటి కొలత నిర్ణయించడం సర్వసాధారణమైన పొరపాటు. పెంపుడు కుందేళ్ళుగా అమ్మేవాటిలో మాంసం కోసం పెంచే జాతుల సంకరాలు కూడా ఉంటాయి. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా వంటి జాతులు పెరిగితే 4 కిలోలు దాటుతాయి. సరైన పోషణలో కుందేలు 8 నుండి 10 సంవత్సరాల వరకు జీవించగలదు. ఈ రోజు కొన్న గూడు అన్నేళ్ళు ఉపయోగపడాలి.

గూటికి కనీస కొలత 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. పెద్ద జాతులకు ఇదీ చాలదు. ఎదిగిన కుందేలు పొడవు దిశలో మూడు గంతులు వేయగలగాలి, ఒళ్ళు చాచి పడుకోగలగాలి, వెనుక కాళ్ళ మీద లేచి నిలబడినప్పుడు చెవులు కప్పుకు తగలకూడదు. ఈ మూడు షరతులలో ఏ ఒక్కటి తప్పినా ఆ గూడు చిన్నదే. గూడు, దొడ్డి కలిపి రెండు కుందేళ్ళకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉండాలని బ్రిటన్‌లోని కుందేళ్ళ సంక్షేమ సంస్థలు సూచిస్తున్నాయి. అంటే దాదాపు 10 అడుగులు, ఆరున్నర అడుగులు, 3 అడుగుల పైన. ఈ కొలతను మనమూ ప్రమాణంగా తీసుకోవచ్చు.

గూటిలో రెండు భాగాలు ఉండడం మంచిది: గాలి ఆడే వల భాగం ఒకటి, మూడు వైపులా మూసిన పడక భాగం ఒకటి. కుందేలు ప్రకృతి సహజంగా వేటాడబడే జంతువు. దాగుకొనే చోటు లేకుంటే అది ఎప్పుడూ బెదురుతూనే ఉంటుంది. అయితే మన వాతావరణంలో పడక భాగానికి కూడా వెనుక వైపున, పై అంచు దగ్గర గాలి పోయేందుకు వల బిగించిన సందులు ఉండాలి.

నేల, గోడలు, కప్పు

మాంసపు పెంపకం కేంద్రాలలో కుందేళ్ళను తీగల నేల గల పంజరాలలో ఉంచుతారు. రెట్టలు కిందకు జారిపోయి శ్రమ తగ్గుతుందని అలా చేస్తారు. కుక్క, పిల్లులకు ఉన్నట్లు కుందేలు పాదానికి మెత్తని దిండు ఉండదు, వెంట్రుకలు మాత్రమే ఉంటాయి. ఏళ్ళ తరబడి తీగల మీద కూర్చుంటే మడమలు ఒరిసి పుండ్లు పడతాయి. ఇంటిలో పెంచే కుందేలుకు గట్టి నేల, దాని మీద మందంగా ఎండుగడ్డి అవసరం. వరిగడ్డి, రాగిగడ్డి పడకకు బాగా సరిపోతాయి.

ఈ జిల్లా గ్రానైటు రాతికి ప్రసిద్ధమైనది. ఇళ్ళకు, తోటల కంచెలకు రాతి బండలను వాడడం ఇక్కడి అలవాటు. నీడన పరచిన రాతి బండ మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. దొడ్డిలో ఒక మూల రెండు బండలు వేస్తే వేసవిలో కుందేలు తానే వెళ్ళి దాని మీద పడుకొంటుంది. ఎండ తగిలే చోట మాత్రం రాయి వేయరాదు.

కప్పుకు ఒంటరిగా ఇనుప రేకు వాడవద్దు. రేకు తప్పనిసరి అయితే దాని మీద కొబ్బరి మట్టలో, తాటాకులో మందంగా పరచి కట్టండి. పెంకులు మేలు. కప్పు వెనుకకు వాలుగా ఉండి, ముందు వైపు కనీసం ఒక అడుగు బయటకు రావాలి. కొయ్య విషయంలో చీడ పట్టకుండా మందులు పట్టించిన చెక్కను, సీసపు రంగులు వేసిన పాత తలుపుల చెక్కను వాడరాదు. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అందుచేత అది ఏ చెక్క దొరికితే ఆ చెక్కను కొరుకుతుంది, చెక్కలోని విషం కడుపులోకి పోతుంది.

దొడ్డికి వల

గూటిలోనే రోజంతా ఉంచి, సాయంత్రం అరగంట వదిలితే చాలునని కొందరు భావిస్తారు. కుందేలు తెల్లవారుజామున, సంధ్యవేళ ఎక్కువ చురుకుగా ఉండే జంతువు. మనం నిద్రలోనో పనిలోనో ఉన్న సమయంలోనే దానికి పరుగు అవసరం. కాబట్టి దొడ్డి గూటికి నేరుగా కలిసి ఉండి, తనకు తోచినప్పుడు వచ్చిపోయేలా ఉండడమే సరైన ఏర్పాటు.

ఖర్చు తగ్గించుకోవలసి వస్తే రంగులో, అలంకరణలో తగ్గించుకోండి. వలలో, గొళ్ళెంలో మాత్రం వద్దు. కోళ్ళ కోసం అమ్మే ఆరు మూలల కన్నుల సన్నని వలను కుందేలు కొరికి తెంపగలదు, కుక్క చీల్చగలదు. అర అంగుళం కన్నులు గల వెల్డ్ మెష్‌ను, 16 గేజి మందం గలదానిని ఎంచుకోండి. గేజి సంఖ్య పెరిగిన కొద్దీ తీగ సన్నబడుతుందన్న సంగతి గుర్తుంచుకొని కొనండి. మేకులతో కొట్టిన వల కొంతకాలానికి ఊడుతుంది. చెక్క పట్టీ వేసి మరలతో బిగించినది నిలుస్తుంది. పైభాగానికి కూడా వల తప్పనిసరి.

అర అంగుళం కన్ను అన్నది ఊరికే చెప్పిన మాట కాదు. మన ఊళ్ళలో కుందేలుకు శత్రువులు అనేకం. వీధికుక్కలు, పిల్లులు, ముంగిసలు, పందికొక్కులు, పై నుండి గద్దలు. జెర్రిపోతు, నాగుపాము వంటివి ఒక అంగుళం సందు ఉన్నా దూరి పిల్లలను మింగగలవు. కుక్క లోపలికి రాలేకపోయినా, రాత్రంతా వల చుట్టూ తిరిగి మొరిగితే ఆ బెదురుకే కుందేలు చనిపోయే అవకాశం ఉంది. అందుచేత రాత్రివేళ పడక భాగపు తలుపు మూసి, టవర్ బోల్ట్ బిగించడం అలవాటు చేసుకోండి. తిప్పితే ఊడే చిన్న కొయ్య బిళ్ళ గొళ్ళెం కాదు.

కుందేలు సొరంగం తవ్వే జంతువు. మట్టి నేల మీద దొడ్డి కడితే అది లోపలి నుండి, కుక్క బయటి నుండి తవ్వుతాయి. దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. వలను ఒక అడుగు లోతు వరకు భూమిలోకి పాతడం ఒకటి. దొడ్డి చుట్టూ బయటి వైపు నేల మీద ఒకటిన్నర అడుగుల వెడల్పున వలను పరచి, దాని మీద రాళ్ళో మట్టో వేయడం రెండవది. అద్దె ఇంటిలో ఉన్నవారికి రెండవదే అనుకూలం, ఇల్లు మారేటప్పుడు తీసుకుపోవచ్చు. తవ్వే కోరిక తీరడానికి దొడ్డిలో ఒక తొట్టె నిండా మట్టి పోసి ఉంచండి.

దొడ్డిలోనూ, వల అంచునా ఉన్న మొక్కలను పరిశీలించండి. గన్నేరు, ఉమ్మెత్త, లాంటానా కుందేలుకు విషం. గరిక మేలైన మేత.

వానకాలం

సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఈ ప్రాంతంలో వానలు ఎక్కువ. తడిసిన పడక వలన రెండు కీడులు కలుగుతాయి. ఒకటి, ప్రేగులకు వచ్చే కాక్సీడియా అనే పరాన్నజీవి తేమలో బాగా వ్యాపించి పిల్లలను చంపుతుంది. రెండవది, తోక కింద తడిగా, మురికిగా ఉన్న కుందేలు మీద ఈగలు గుడ్లు పెడతాయి. ఒక్క రోజులోనే పురుగులు పుట్టి చర్మాన్ని తింటాయి. గూడు నేల నుండి కనీసం ఒక అడుగు ఎత్తున కాళ్ళ మీద ఉండాలి. వాన జల్లు కొట్టే వైపు కిందకు దించుకొనే గోనె పట్టా గానీ, టార్పాలిన్ గానీ కట్టండి. జల్లు తగ్గగానే ఎత్తివేయండి. కుందేలు వెనుక భాగాన్ని వానకాలంలో రోజూ పరీక్షించండి.

చీమలు ఎక్కకుండా గూటి కాళ్ళ కింద నీటి గిన్నెలు పెట్టడం మన ఇళ్ళలో పాత అలవాటు. అది మంచిదే. అయితే ఆ నీటిని మూడు రోజులకొకసారి పారబోసి గిన్నె తోమండి. లేకుంటే డెంగీ దోమలకు మీరే చోటు ఇచ్చినవారవుతారు.

అద్దె ఇళ్ళలో ఉన్నవారికి

ఇంటి యజమానిని ముందుగా అడగండి. కాంక్రీటు మేడ మీద గూడు పెట్టడం తగదు. పగలంతా కాగిన కప్పు అర్ధరాత్రి వరకు వేడి కక్కుతుంది. పెరడు గానీ, నీడ గల నేల గానీ లేనివారు ఇంటిలోపలే ఒక గదిలో మడత కంచె వేసి పెంచుకోవచ్చు. అదీ వీలుకాకుంటే కుందేళ్ళను కొనకపోవడమే దయ.

పొరుగువారికి వచ్చే ఇబ్బంది ముఖ్యంగా మూత్రపు ఘాటు వాసన. కుందేలు ఒకే మూలన మూత్రం పోయడానికి అలవాటు పడుతుంది. ఆ మూలన గడ్డి పరచిన తట్ట ఉంచి రోజూ మార్చండి. తీసిన చెత్తను మురుగు కాలువలో వేయకండి. రెట్టలు, గడ్డి కలిపి మగ్గబెడితే కరివేపాకు, తులసి కుండీలకు మంచి ఎరువు అవుతుంది. మిగిలినది తడి చెత్తతో ఇవ్వండి.

కుందేలు ఒంటరిగా ఉండలేదు, రెండు ఉండాలి. అయితే సంతలో రెండూ ఆడవే అని చెప్పినది నిజం కాకపోవచ్చు. కుందేలు చూలు 31 రోజులు మాత్రమే. ఈనిన వెంటనే మళ్ళీ చూలు కట్టగలదు. మగదానికి పశువైద్యునిచేత శస్త్రచికిత్స చేయించి కొన్ని వారాలు గడిచే వరకు రెండింటినీ ఒకదానినొకటి చూచుకొనేలా నడుమ వల కట్టి వేరుగా ఉంచండి. దీనికి తగిన అడ్డు గూటిలో ఉన్నదో లేదో కొనేటప్పుడే చూడండి. సంఖ్య పెరిగిందని చెరువు గట్టు మీదనో, తోటలోనో విడిచిపెట్టడం వాటిని కుక్కల నోట వేయడమే.

చట్టం ఏమి చెబుతున్నది

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960, 11వ సెక్షన్ ప్రకారం, తగినంత కదలికకు వీలులేని ఎత్తు, పొడవు, వెడల్పు గల పంజరంలో ఏ జంతువును బంధించినా అది క్రూరత్వమే. చాలినంత ఆహారం, నీరు, ఆశ్రయం ఇవ్వకపోవడం కూడా అంతే. పెంపుడు కుందేలు వేరు, పొలాలలో కనిపించే అడవి కుందేలు వేరు. అడవి కుందేలుకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది. పొలంలో దొరికిన పిల్లను తెచ్చి గూటిలో పెంచడం నేరం. పైగా అది బంధంలో బ్రతకడం అరుదు.

ఎండదెబ్బ గుర్తులు

కుందేలు సాధారణంగా అరవదు, బాధ చెప్పుకోదు. మనమే కనిపెట్టాలి. ఒళ్ళు పూర్తిగా చాచి లేవకుండా పడి ఉండడం, వేగంగా వగర్చడం, చెవులు ఎర్రబడి వేడెక్కడం, మూతి తడిగా ఉండడం ఎండదెబ్బ లక్షణాలు. వెంటనే చల్లని చోటికి మార్చి, తడిగుడ్డతో చెవులను తుడుస్తూ పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. మంచు నీటిలో ముంచరాదు. ముందు జాగ్రత్తగా, వేసవి మధ్యాహ్నాలలో సీసాలో నీరు గడ్డకట్టించి గుడ్డ చుట్టి గూటిలో ఉంచవచ్చు. తాగే నీటిని బరువైన మట్టి గిన్నెలో పోసి రోజుకు రెండు సార్లు మార్చండి.

పూట మేత ముట్టకుండా, రెట్ట వేయకుండా ఉన్న కుందేలుకు అది అత్యవసర స్థితి, మరునాటి వరకు ఆగరాదు. మనుషులకు, కుక్కలకు వాడే మందులు సొంతంగా ఇవ్వవద్దు. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి మామూలు మందే కుందేలు ప్రాణం తీయగలదు. కుందేళ్ళకు చికిత్స చేసే పశువైద్యుడు ఎక్కడ ఉన్నారో అవసరం పడక ముందే విచారించి ఉంచుకోండి.

కొనే ముందు ప్రశ్నలు

1. మధ్యాహ్నం 12 నుండి 5 వరకు ఆ చోట పూర్తి నీడ ఉన్నదా?
2. ఎదిగిన కుందేలు మూడు గంతులు వేసి, నిటారుగా నిలబడగలదా?
3. నేల గట్టిదా, తీగలదా?
4. కనీసం రెండు వైపుల నుండి గాలి ఆడుతుందా?
5. వల కన్ను అర అంగుళం మించకుండా ఉన్నదా? పై భాగానికీ ఉన్నదా?
6. తవ్వకుండా అడుగున ఏర్పాటు ఉన్నదా?
7. మనిషి చేయి ప్రతి మూలకూ అంది శుభ్రం చేయడానికి వీలున్నదా?
8. ఊరికి వెళ్ళినప్పుడు రెండు పూటలా చూచేవారు ఉన్నారా?

చివరి ప్రశ్నను తేలికగా తీసుకోకండి. సంక్రాంతికో, వేసవి సెలవులకో మనం సొంత ఊరికి బయలుదేరుతాము. పొరుగువారికి తాళం చెవి ఇచ్చి, మేత, నీరు, నీడ మూడింటినీ చూపించి, ఒక పూట వారిచేతనే చేయించి చూచిన తరువాతనే ప్రయాణం కట్టండి.

ఈ ఎనిమిదింటికీ సంతృప్తికరమైన సమాధానం దొరికిన నాడు గూటిని తెచ్చి ఆ చోట నిలపండి. వారం రోజులు ఎండలో, గాలిలో అది ఎలా ఉన్నదో గమనించండి. ఆ తరువాత పిల్లలను వెంట పెట్టుకొని కుందేళ్ళను తెచ్చుకోండి. ఆ వారం రోజుల నిరీక్షణే పిల్లలకు జీవకారుణ్యంలో మొదటి పాఠం అవుతుంది.